రెండు బకెట్ల కలగాపులగం బ్రాస్ వచ్చింది, ఎలా ఏరాలి?

ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. అడిగినాయన డాలస్ దగ్గర ఉంటారు, ఈమధ్యే సొంతంగా తూటాలు రీలోడ్ చేసుకోవడం మొదలుపెట్టారు, అంటే కాల్చేసిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గొట్టంలో మళ్లీ మందు, బుల్లెట్ పెట్టి వాడుకోవడం. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ, గ్యారేజీలో ఏళ్లుగా పడి ఉన్న రెండు బకెట్ల ఖాళీ కేసింగులు, అంటే ఆ ఇత్తడి గొట్టాలు, ఈయనకి ఇచ్చేశారు. వీటినే బ్రాస్ అంటాం. పిస్టల్‌వి, రైఫిల్‌వి అన్నీ అందులోనే. "ప్రతిదాని అడుగున ఉన్న కంపెనీ పేరు చూసి ఏరాలా, సైజు చూస్తే చాలా? చింతపండుతో తోమొచ్చా?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, పిస్టల్ బ్రాస్‌కి సైజు చాలు. రైఫిల్ బ్రాస్‌కి సైజుతో పాటు అడుగున ఉన్న ముద్ర కూడా చూడాలి. ఏదైనా సరే, పనికిరానివి ముందు తీసేయాలి, తోమడం ఆ తర్వాతే. చింతపండు సంగతి చివర్లో చెప్తాను. దాని వెనక పెద్ద కథే ఉంది.

నేను హ్యూస్టన్ పక్కన పద్నాలుగేళ్లుగా రీలోడింగ్ చేస్తున్నాను. మొదటి ఏడాది మీలాగే కంపెనీల వారీగా డబ్బాలు పెట్టుకుని, వాటికి స్టిక్కర్లు అంటించి, శనివారాలన్నీ గ్యారేజీలో కూర్చునేవాణ్ని. తీరా చూస్తే అసలు దొరకాల్సినవి ఆ అందమైన డబ్బాల్లోనే హాయిగా కూర్చున్నాయి. చిన్నప్పుడు మా అమ్మ చేటలో బియ్యం ఏరుతుంటే చూసేవాణ్ని. గింజ సన్నమా లావా అని ఆవిడ కన్ను చూసేది కాదు, రాయి కోసమే తిరిగేది. బ్రాస్ ఏరడమూ అంతే. మీరు వెతకాల్సింది ఆ నాలుగు రాళ్లని.

బకెట్‌లో చెయ్యి పెట్టేముందు రెండు మాటలు. ఇది మనవాళ్లకి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. అమెరికా ఫెడరల్ చట్టంలో "అమ్యునిషన్" అంటే నిండు తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసింగ్, ప్రైమర్ (కేసింగ్ అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందుని అంటించేది), బుల్లెట్ (ముందు నుంచి ఎగిరిపోయే ముక్క), పౌడర్ (మందు) విడివిడిగా ఉన్నా ఆ మాట కిందికే వస్తాయి. హెచ్‌-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదని అదే చట్టం చెప్తుంది. మినహాయింపులు ఉన్నాయి, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ వాటిలో ఒకటి. గ్రీన్ కార్డ్ ఉంటే ఈ గొడవ లేదు. మీరు వీసా సంగతి రాయలేదు. వీసా మీదే ఉంటే ఆ బకెట్లు ఇంట్లోకి తేకముందే లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి. ఖాళీ ఇత్తడి ముక్కలకి ఇంత టెన్షనా అనిపిస్తుంది, కానీ చట్టంలో ఉన్నది అదే.

రెండోది సీసం. పేలిన ప్రైమర్ తాలూకు మసిలో సీసం ఉంటుంది. వేళ్లకి అంటుకునే నల్లటి పొడి అదే. అందుకని గ్లవ్స్ వేసుకోండి. గాలి ఆడేచోట, పిల్లలు రాని చోట కూర్చోండి. పని మధ్యలో టీ తాగొద్దు, మిక్చర్ నమలొద్దు. లేచాక సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ బట్టలు విడిగా ఉతకండి. వంటింటి జల్లెడ, వంటింటి గిన్నె ఒకసారి ఈ పనికి వచ్చాయంటే మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. మా ఇంట్లో ఒక స్టీలు బేసిన్ అలా శాశ్వతంగా గ్యారేజీ పాలైంది. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఇక పని. బకెట్‌ని ఒక్కసారిగా కుమ్మరించకండి. రెండు మూడు దోసిళ్ల చొప్పున ఒక ట్రేలో పల్చగా పరుచుకోండి. మొదట చూడాల్సింది నిండు తూటా ఏదైనా ఉందేమో. పెద్దాయన గ్యారేజీ బ్రాస్ అన్నారు కదా, నూటికి తొంభై పాళ్లు ఒకటో రెండో ఉంటాయి. ముక్కున బుల్లెట్ ఉన్నది ఎలాగూ కనబడుతుంది. కనబడనివి .22 సైజు తూటాలు. అవి బాగా చిన్నవి కాబట్టి పెద్ద కేసింగ్ లోపలికి దూరి కూర్చుంటాయి. నాకు ఒకసారి .45 కేసింగ్‌లో నిండు .22 ఒకటి దొరికింది, అంచు మీద ఫైరింగ్ పిన్ దెబ్బ పడి కూడా పేలనిది. అలాంటివి పక్కన పెట్టి షూటింగ్ రేంజ్‌లో ఇచ్చేయండి. పేలని తూటాలు వేయడానికి చాలా రేంజ్‌ల్లో విడిగా డబ్బా ఉంటుంది. చెత్తబుట్టలో మాత్రం వేయొద్దు. ఖాళీ .22లు కూడా తీసేయండి. వాటిని అంటించే మందు అడుగు అంచులోనే ఉంటుంది, విడి ప్రైమర్ ఉండదు, కాబట్టి రీలోడింగ్‌కి పనికిరావు.

తర్వాత అయస్కాంతం. ట్రే మీద ఒకసారి తిప్పితే స్టీలు కేసింగులన్నీ అంటుకుంటాయి. కొన్నింటికి పైన ఇత్తడి పూత ఉంటుంది, కంటికి అచ్చం బ్రాస్ లాగే కనిపిస్తాయి. వాటిని పట్టేది అయస్కాంతమే. అల్యూమినియంవి దీనికి దొరకవు. అవి మసక బూడిదరంగులో, చేతిలోకి తీసుకుంటే బరువే లేనట్టు ఉంటాయి. మెరిసే వెండిరంగువి వేరు, అవి నికెల్ పూత వేసిన బ్రాస్. వాడుకోవచ్చు, కాకపోతే మామూలు బ్రాస్ కంటే త్వరగా మూతి దగ్గర చీలుతాయి. ఈమధ్య అడుగు ఒక లోహం, గోడ ఇంకో లోహంగా రెండు ముక్కలతో చేసిన 9 ఎంఎం కేసింగులు కూడా వస్తున్నాయి. మామూలు డైలో (కేసింగ్‌ని మళ్లీ సరైన కొలతకి నొక్కే అచ్చు) పెడితే రెండూ ఊడి వస్తాయి. అడుగు ఒక రంగు, గోడ ఇంకో రంగు కనిపిస్తే అవతల పారేయండి.

ఇప్పుడు సైజు. దీనికి ఒకదాని మీద ఒకటి పెట్టే ప్లాస్టిక్ జల్లెడలు దొరుకుతాయి. పైదానిలో .45 ఆగుతుంది, దాని కిందిదానిలో .40, ఆ కింద 9 ఎంఎం, అడుగు గిన్నెలోకి .380, .22 రాలిపోతాయి. రెండు బకెట్లకి అవి కొనుక్కోవడమే మేలు. చేత్తో ఏరితే నడుము పడిపోతుంది. అయితే జల్లెడ ఊపేముందు ఒకదాంట్లో ఒకటి దూరినవాటిని విడదీయాలి. 9 ఎంఎం వెళ్లి .40లో, ఆ .40 వెళ్లి .45లో చక్కగా ఇరుక్కుంటాయి. అలాగే తోమేశారంటే లోపల మురికి పట్టి బిగుసుకుపోతాయి. ఎండిన బిందెలో చెంబు ఇరుక్కున్నట్టే, ఇక రావు.

జల్లెడ నమ్మదగ్గదే గానీ పూర్తిగా కాదు. అది అడ్డుకొలత చూస్తుంది, పొడుగు చూడదు. నాకు తెలిసి కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

.380 ఏసీపీ, 9 ఎంఎం లూగర్ సంగతే తీసుకోండి. 9 ఎంఎం కేసింగ్ పొడుగు 19.15 మిల్లీమీటర్లు, .380ది 17.3. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. అడుగు కొంచెం సన్నం కాబట్టి .380 చాలావరకు కిందికి రాలుతుంది. కానీ ట్రేలో గుట్ట పోసి నాలుగు ఊపులతో సరిపెడితే కొన్ని 9 ఎంఎంల మధ్య మిగిలిపోతాయి. నా మొదటి ఏడాదిలో అదే జరిగింది. ప్రెస్ (కేసింగ్‌ని డైలోకి తోసే యంత్రం) హ్యాండిల్ లాగుతున్నాను. ఒక్కో కేసింగ్‌కీ చేతికి ఒక బిగువు తెలుస్తుంది కదా, ఒకదానికి ఆ బిగువే లేదు, వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. ఏదో నూనె ఎక్కువైందేమో అనుకుని కొనసాగించాను. చివర్లో తూటా కొలత సరిపోయిందో లేదో చూసే గేజ్‌లో వేసి చూస్తుంటే ఆ తూటాలో బుల్లెట్ వదులుగా కదులుతోంది. అడుగు తిప్పి చూస్తే .380. లోపల 9 ఎంఎంకి వేసే పౌడర్. అది తుపాకీలోకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను, తెలుసుకోవాలని కూడా లేదు. అప్పటినుంచి హ్యాండిల్ చేతికి తేడాగా అనిపిస్తే ఆపేసి ఆ కేసింగ్ తీసి చూడాల్సిందే అని పెట్టుకున్నాను.

వాటిని పట్టడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. 9 ఎంఎం అనుకున్నవాటిని అంచులున్న ట్రేలో మూతి పైకి ఉండేలా నిలబెట్టండి. కళ్లని ట్రే అంచు ఎత్తుకి తెచ్చి అడ్డంగా చూడండి. బడి ప్రార్థన వరుసలో పొట్టి పిల్లాడు తెలిసినట్టు .380 ఇట్టే తెలిసిపోతుంది. రష్యన్ మకరోవ్ కేసింగ్ ఒక్కటే కష్టం. అది 18.1 మిల్లీమీటర్లు, అడుగు వెడల్పు కూడా దగ్గరదగ్గరగా ఉంటుంది. అనుమానం వస్తే కాలిపర్‌తో కొలవండి, లేదా అడుగున ముద్ర చదవండి.

.40 జల్లెడలో 10 ఎంఎం ఆటో కూడా ఆగుతుంది. అది మూడున్నర మిల్లీమీటర్లు పొడుగు, కంటికే తెలుస్తుంది. సీసా మెడ లాగా పైన సన్నబడింది కనిపిస్తే .357 సిగ్. .40ల్లో ఇంకో తలనొప్పి ఏమిటంటే, కొన్ని పాత పిస్టళ్లలో ఛాంబర్ (తూటా కూర్చునే గది) కేసింగ్ అడుగు భాగాన్ని పూర్తిగా పట్టుకోదు. అలాంటివాటిలో కాల్చిన కేసింగ్‌కి అడుగు దగ్గర ఒకవైపు పొట్ట వస్తుంది. ఆ పొట్టని మళ్లీ లోపలికి నొక్కే పరికరాలు అమ్ముతారు. నేనైతే నొక్కను. ఒకసారి సాగిన లోహం అది, బయటికి సరిగ్గా కనబడినంత మాత్రాన బలం తిరిగి రాదు. వాడేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఇష్టం.

.45 ఏసీపీకి జల్లెడ అయ్యాక ఇంకో ఏరివేత ఉంది. పాతకాలం నుంచి దానికి పెద్ద ప్రైమర్. ఈమధ్య కొన్ని కంపెనీలు చిన్న ప్రైమర్‌తో చేస్తున్నాయి. రెండింటి తేడా ఒక మిల్లీమీటర్ కంటే తక్కువ: పెద్దది సుమారు 5.3, చిన్నది 4.45. అడుగులు పైకి పెట్టి పక్కపక్కన చూస్తే తెలుస్తుంది. కలిసిపోతే, చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్‌ని ప్రెస్ బలంగా తోస్తుంది, అది నలుగుతుంది, కర్మ కాలితే పేలుతుంది. నాది ఒకటి నలిగి ఆగింది, అంతే అదృష్టం. ఏరేటప్పుడు కాకపోయినా ప్రెస్ దగ్గర కూర్చున్నప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

పిస్టల్‌వి అడుగున ఏ కంపెనీ ముద్ర ఉందో పట్టించుకోవద్దని ఎందుకు అన్నానంటే, ఇరవై ముప్పై గజాల్లో కాగితం మీద కాల్చే 9 ఎంఎంకి దానివల్ల వచ్చే తేడా మన చేతి వణుకులో కలిసిపోతుంది. పోటీలకి వెళ్లేవాళ్లయితే వేరు. అయితే ఒక్క పని చేయండి, ప్రతి కేసింగ్ లోపలికి టార్చి వేసి చూడండి. కొన్ని 9 ఎంఎం రకాల్లో గోడ సగం కింద మెట్టులా మందం ఉంటుంది, మెట్టు పైన గోడ పల్చగా ఉంటుంది. రెండు మూడుసార్లు వాడాక ఆ మెట్టు దగ్గరే తెగుతాయి. లోపల మెట్టు కనిపిస్తే తుక్కులోకే.

టార్చి వేసినప్పుడే ఇంకోటి కూడా కనబడుతుంది. అడుగు మధ్యలో ఒక్క రంధ్రం ఉంటే బాక్సర్ పద్ధతి, వాడుకోవచ్చు. పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలు ఉంటే బెర్డన్. డై మధ్యలో ఉండే పిన్ దిగడానికి దానిలో దారి ఉండదు, పిన్ విరుగుతుంది. నేను రెండు విరగ్గొట్టాకే నేర్చుకున్నాను. ఇందులో తమాషా ఏమిటంటే, బెర్డన్ అమెరికావాడు, బాక్సర్ బ్రిటిష్‌వాడు, ఇద్దరి ప్రైమర్లూ 1860ల నాటివే. అమెరికా మాత్రం బ్రిటిష్‌వాడి పద్ధతి పట్టుకుంది, యూరప్‌లో సైన్యాలు ఎక్కువగా అమెరికావాడిది తీసుకున్నాయి. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే.

రైఫిల్ బ్రాస్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. ఇక్కడ ఒత్తిడి చాలా ఎక్కువ. ఒక కంపెనీ గోడ మందంగా చేస్తుంది, ఇంకోటి పల్చగా చేస్తుంది. గోడ మందమైతే లోపల చోటు తగ్గుతుంది, అదే కొలత పౌడర్ ఎక్కువ ఒత్తిడి తెస్తుంది. మామూలుగా సైన్యం వాడే 7.62 నాటో కేసింగులు బజారులో దొరికే .308 కంటే బరువుగా ఉంటాయి. అందుకని .308 సైజువి ముద్ర చూసి విడదీయాల్సిందే. .223, 5.56 రెండూ పొడుగులో ఒకటే. వాటినీ నేను ముద్రను బట్టే పెట్టుకుంటాను.

.223ల మధ్య .300 బ్లాక్‌అవుట్ ఉందేమో చూడండి. .223ని కత్తిరించి కూడా దాన్ని తయారుచేస్తారు కాబట్టి అడుగున ముద్ర .223దే ఉండొచ్చు, ముద్రని నమ్మొద్దు. పొడుగు చూడండి: .223ది దాదాపు 44.7 మిల్లీమీటర్లు, దీనిది 34.7. నింపిన .300 తూటా .223 రైఫిల్‌లోకి వెళ్లి తుపాకీలు పగిలిన సంఘటనలు ఉన్నాయి. అందుకే ఆ రెండూ మా గ్యారేజీలో ఒకే బల్ల మీదకి రావు.

అడుగున వృత్తంలో కూడిక గుర్తు ఉంటే అది నాటో ముద్ర. ఎల్, సీ అక్షరాలు ఉంటే మిస్సోరీలో ఇండిపెండెన్స్ ఊళ్లో ఉన్న లేక్ సిటీ ఫ్యాక్టరీది, పక్కన ఉండే రెండంకెలు తయారైన ఏడాది. మంచి బ్రాసే, కాకపోతే మిలిటరీవాటికి ప్రైమర్ జారిపోకుండా గుంట అంచుని నొక్కి బిగిస్తారు. పాత ప్రైమర్ తీశాక ఆ అంచుని సరిచేస్తే గానీ కొత్తది దూరదు. వీటిని విడిగా ఒక డబ్బాలో పెట్టుకోండి, ఆ పని ఒకేసారి కూర్చుని చేసుకోవచ్చు.

పక్కింటాయన ఆ రైఫిల్ కేసింగుల్ని ఎన్నిసార్లు వాడారో మీకు తెలియదు. అడుగు నుంచి సుమారు ఒక సెంటీమీటర్ పైన, చుట్టూ ఒక మెరిసే గీత ఉందేమో చూడండి. పేపర్ క్లిప్ కొస వంచి లోపలి గోడ వెంట పైకి లాగండి. ఆ చోట గాడిలో తట్టుకుంటే గోడ లోపల పల్చబడిపోయింది, ఈసారో వచ్చేసారో అక్కడే రెండు ముక్కలవుతుంది. మూతి దగ్గర చిన్న సొట్టలు ఫరవాలేదు, డై సరిచేస్తుంది. చీలిక ఉంటే పనికిరాదు. గుప్పెడు కేసింగులు చేతిలో గలగలలాడించండి, చీలినది ఉంటే పగిలిన గాజులా బొంగురుగా పలుకుతుంది. అలవాటైతే చెవే పట్టేస్తుంది.

ఇప్పుడు చింతపండు. ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టే దీన్నీ తోమొచ్చు, మెరుస్తుంది కూడా. కానీ గుజ్జు, పీచు లోపలికి వెళ్లి ఆ సన్నటి రంధ్రంలో చిక్కుకుంటాయి. పొడి వేసి తోమితే ఆ పొడి లోపల మిగిలిపోతుంది. అదే పులుపు కావాలంటే నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, పావు చెంచా నిమ్మ ఉప్పు చాలు. టంబ్లర్ (కేసింగుల్ని తిప్పి తోమే డ్రమ్ము) ఉంటే దానిలో స్టీలు పిన్నులతో గంటన్నర తిప్పండి. మరీ పులుపు, మరీ ఎక్కువసేపు వద్దు. నేను ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి మర్చిపోయాను, పొద్దున్నకి కేసింగులు గులాబీ రంగులోకి తిరిగాయి. కేసింగ్ బ్రాస్ అంటే 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఆ జింకుని పులుపు లాగేస్తే మిగిలేది పెళుసు రాగి. మూడొందలు పారేశాను.

అమ్మోనియా కలిపిన ఇత్తడి పాలిష్‌ల జోలికి అసలు వెళ్లకండి. ఇందాక చెప్పిన కథ ఇదే, జరిగింది మన దగ్గరే. బ్రిటిష్ సైన్యం ఇండియాలో వానాకాలం తూటాలని గుర్రపు సాలల్లో దాచేది. వానలు వెలిసి తీస్తే కేసింగులు వాటంతటవే చీలిపోయి ఉండేవి. కాలానికి వచ్చే రోగం అన్నట్టు దానికి "సీజన్ క్రాకింగ్" అని పేరు పెట్టారు. కారణం 1921లో గానీ తేలలేదు: గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, తయారీలో లోహంలో మిగిలిన బిగువు, రెండూ కలిసి ఇత్తడిని చీల్చాయి. అందుకే ఒక కేసింగ్‌కి అమ్మోనియా తగిలిందని తెలిస్తే నేను వాడను.

కడిగాక ఆరబెట్టడానికి ఓవెన్‌లో పెట్టొద్దు. వేడి ఎక్కువైతే అడుగు మెత్తబడుతుంది, ఒత్తిడి తట్టుకోవాల్సిన చోటు అదే. పైగా సీసం తగిలినవి వంటింటి ఓవెన్‌లోకి ఎలా పెడతారు? పాత తువ్వాలు మీద పరిచి ఎండలో వదిలేయండి. టెక్సస్ ఎండకి ఒక మధ్యాహ్నం చాలు. కడిగిన నీళ్లు కూరగాయల మడిలో పోయకండి.

రెండు బకెట్లలో ఎన్ని మిగులుతాయి అంటే, నేను ఇలా ఒకరి దగ్గర తెచ్చుకున్న బకెట్‌లో దాదాపు నాలుగో వంతు తుక్కుకి పోయింది. మనకి ఏదీ పారేయబుద్ధి కాదు, పాత చెప్పులు కూడా అటక మీద దాస్తాం. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. అనుమానం వచ్చినదాన్ని శ్రావణంతో మూతి నలిపేసి వేరే డబ్బాలో వేయండి, లేకపోతే పొరపాటున మళ్లీ మంచివాటిలోకి వచ్చేస్తుంది. డబ్బా నిండాక స్క్రాప్ యార్డ్‌కి తీసుకెళ్తే ఇత్తడి ధర ఇస్తారు. ముందే ఫోన్ చేసి కేసింగులు తీసుకుంటారో లేదో అడగండి, కొందరు తీసుకోరు.

ఇంకొకటి, మీరు అడగలేదు. వాటిలో అందమైనది ఒకటి తీసి కీచైన్ చేసుకుని ఇండియా వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకోకండి. 1959 ఆయుధ చట్టంలో అమ్యునిషన్ అంటే దాని భాగాలు కూడా. మా బంధువుల అబ్బాయి ఒకడు బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క ఖాళీ కేసింగ్‌కి అక్కడి ఎయిర్‌పోర్టులో ఆరు గంటలు కూర్చుని, ఎక్కాల్సిన విమానం వదులుకున్నాడు. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు వేరు, ఊరికి తీసుకెళ్లే బ్యాగు వేరు పెట్టుకోండి.